నిద్ర రాజయ్య కూతురు

మేం ఈ కాలనీలో ఇల్లు కట్టుకుంటుంటే నవ్వినవాళ్ళే ఇప్పుడు బ్యాగులు పట్టుకుని మా గుమ్మం ముందు దిగుతున్నారు. శంషాబాద్ దాటాక పెద్దరోడ్డు వదిలి, గుంతలు తప్పించుకుంటూ ఆటోలో పావుగంట పోతే మా కాలనీ వస్తుంది. పట్నంలో జాగా కొనే తాహతు లేక ఇక్కడ కొన్నాం, అందులో దాచుకోవడానికేముంది. తల మీద విమానాలు తిరుగుతుంటే ఎట్లా పడుకుంటారమ్మా అని అప్పట్లో తెగ జాలిపడిన మా పెద్దాడపడుచు, పోయిన నెల ఢిల్లీ విమానానికని ముందురోజే వచ్చి మా హాల్లో గుర్రుపెట్టి నిద్రపోయింది. విమానం ఎక్కాల్సిన ప్రతి చుట్టానికీ మేం గుర్తొస్తాం. దిగాక మాత్రం ఎవరికీ గుర్తుండం, నేరుగా ఇంటికి పోతారు. నేను విసుక్కోను. నర్సుగా ముప్పై ఏళ్ళు సర్కారు దవాఖానాల్లో పనిచేసినదాన్ని, పక్కలు సర్దడం నాకు కొత్త కాదు. మా వీధి నిండా ఎయిర్‌పోర్టు మీద బతికేవాళ్ళే. కార్లు నడిపేవాళ్ళు, సామాన్లు ఎక్కించేవాళ్ళు, విమానంలో పంచే భోజనాలు వండేవాళ్ళు. మా అమ్మాయి సుజాత సరుకులు పంపే ఆఫీసులో షిఫ్టుల మీద పనిచేస్తుంది. ఏ వేళ చూసినా ఈ వీధిలో ఒకరు డ్యూటీకి పోతుంటారు, ఇంకొకరు వస్తుంటారు. నాకైతే పుట్టింట్లో ఉన్నట్టే ఉంటుంది.

అయితే పోయిన వారం వచ్చింది నేను మనసారా పిలిచిన చుట్టం కాదు. ఆయన పేరు ముత్తయ్య. పాల్వంచ థర్మల్ కరెంటు కంపెనీలో మా నాయన బొగ్గు యార్డులో కూలి, ఈయన ఆఫీసులో అటెండరు. మా ఇంటికి మూడిళ్ళ అవతల ఉండేవాడు, రక్తసంబంధం లేకపోయినా చిన్నప్పటి నుంచీ కాకా అనే పిలిచాను. ఎనభై దాటాక భద్రాచలం నుంచి ఒక గుంపుతో కలిసి కాశీకి బయలుదేరాడు. విమానం ఎక్కడం ఇదే మొదటిసారి. మిగతావాళ్ళు మర్నాడు బస్సులో నేరుగా ఎయిర్‌పోర్టుకే వస్తామంటే, ఈయనకు కంగారెక్కువ కాబట్టి ముందురోజు సాయంత్రమే అడ్డాకుల విస్తర్ల కట్ట ఒకటి చంకలో పెట్టుకుని దిగాడు. మంచినీళ్ళిచ్చాను, చాయ్ ఇచ్చాను, బాగున్నావా కాకా అన్నాను. కానీ ఈ మనిషి మీద నాకు నలభై ఏళ్ళ పైబడి కోపం. పెళ్ళిలో కనిపించినా, పేరంటంలో కనిపించినా నలుగురి ముందు నా భుజం తట్టి, ఈమె మన నిద్ర రాజయ్య బిడ్డ అని పరిచయం చేసేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. మా నాయన పోయిన పదకొండో రోజు భోజనాల దగ్గర కూడా ఆ మాటే అన్నాడు. ఆ రోజు నుంచీ ఆయన ఫోను చేస్తే నేను ఎత్తడం మానేశాను.

నిద్ర రాజయ్య అనే పేరు మా నాయనకు ఎట్లా వచ్చిందో చెప్పాలంటే మా లైను సంగతి చెప్పాలి. కంపెనీ కాలనీ గోడకు ఇవతల, అడివి మొదలయ్యేచోట, రెండు వరసల రేకుల ఇళ్ళు ఉండేవి. పర్మినెంటు ఉద్యోగులకు గోడ లోపల క్వార్టర్లు, నల్లా నీళ్ళు, వాళ్ళ పిల్లలకు బడి, ఇంటిల్లిపాదికీ దవాఖానా. మాలాంటి కంట్రాక్టు కూలీలకు గోడ బయట రేకుల లైను. పొగగొట్టాల బూడిద గాలివాటున మా మీదే పడేది కాబట్టి కిరాయి తక్కువ. మా అమ్మ బియ్యం నాలుగుసార్లు కడిగేది, కూరగిన్నె మీద మూత తీయడమంటే తినే క్షణంలోనే. ఉతికిన బట్టలు బయట ఆరేస్తే బూడిదరంగుకు తిరుగుతాయని ఇంట్లోనే దండెం కట్టి ఆరేసేది, మేం వాటి కిందినుంచి వంగి తిరిగేవాళ్ళం. ఎండాకాలం మొదట్లో మాత్రం అడివి ఊళ్ళల్లో ఇప్పపువ్వు ఎండబెట్టినప్పుడు తియ్యటి పులిసిన వాసన గాలిలో వచ్చి బొగ్గు వాసనను కొన్నాళ్ళు అణిచేసేది. కంపెనీ కూత వేస్తే లేవడం, కూత వేస్తే వండడం, కూత వేస్తే బడికి పోవడం. ఇంట్లో గడియారం ఉందిగానీ దాన్ని మేం కూతను చూసి సరిచేసుకునేవాళ్ళం.

ఆ లైనుకు ఒక కట్టుబాటు ఉండేది. రాత్రి షిఫ్టు దిగిన మనిషి పొద్దున బస్సు దిగి వచ్చి, నీళ్ళు పోసుకుని, ఒళ్ళు తుడుచుకున్న తువాలను తలుపు గొళ్ళేనికి కట్టి పడుకుంటాడు. మొదట ఆరడం కోసమే కట్టి ఉంటారు, తర్వాత అదే గుర్తయింది. గొళ్ళేనికి తువాల ఉన్న తలుపును ఎవరూ తట్టకూడదు. పాలవాడు గిన్నె చప్పుడు కాకుండా పోసి పోయేవాడు. అడివి ఊళ్ళ నుంచి తేనె, చింతపండు, కుంకుడుకాయలు తెచ్చే కోయ ఆడవాళ్ళు మామూలు రోజుల్లో పెద్దగొంతుతో అరుస్తూ వచ్చేవాళ్ళు, తువాలలున్న ఇళ్ళ ముందుకు వచ్చేసరికి గొంతు ఆపి చేతి గాజులు కదిలించి నిలబడేవాళ్ళు. పిల్లలం ఆడుకోవడానికి బయటికి వచ్చి ముందు రెండు వరసల తలుపులూ చూసి, ఏ కొసన తువాలలు తక్కువున్నాయో ఆ కొసకు పోయేవాళ్ళం. ఆలుమగలు పోట్లాడుకోవాలన్నా పక్కింటి తలుపు చూసి మొదలుపెట్టేవాళ్ళు. ఇది ఎవరో పెద్దమనుషులు కూర్చుని పెట్టిన నియమం కాదు. యార్డులో నిద్ర చాలని మనిషి బొగ్గు మోసే బెల్టు పక్కన తూలితే ఏమవుతుందో ఆ లైనులో ప్రతి ఇంటికీ తెలుసు.

మా ఇంటికి తెలిసింది నావల్లే. నాకు పదేళ్ళప్పుడు ఒకరోజు, బడిలో లెక్కల్లో నాకు నూటికి నూరు వచ్చాయని చెప్పుకునేందుకు తువాల ఉన్నా లెక్కచేయకుండా మా నాయనను లేపాను. ఆయన కోప్పడలేదు, లేచి కూర్చుని పలక తిప్పి తిప్పి చూసి మెచ్చుకున్నాడు. మళ్ళీ నిద్ర పట్టలేదు. ఆ రాత్రి డ్యూటీలో బెల్టు దగ్గర ఎడమచేతి చూపుడువేలు నలిగింది. మూడు కుట్లు పడ్డాయి, గోరు మళ్ళీ సరిగా మొలవలేదు. మా అమ్మ వంటింట్లో కూర్చుని, నువ్వు లేపబట్టే అని ఒకే ఒక్కసారి అంది. కొట్టలేదు, తిట్టలేదు, ఆ ఒక్క మాట అని బియ్యం ఏరుకుంది. నేను ఆ తర్వాత ఇంట్లో మునివేళ్ళ మీద నడవడం నేర్చుకున్నాను. ఇప్పటికీ అట్లాగే నడుస్తాను, వార్డులో పేషంట్లు నేను వచ్చింది చూసుకోక ఉలిక్కిపడేవాళ్ళు.

మరుసటి ఏడు ఎండాకాలం, ఒంటిపూట బడులు. మా నాయన వరసగా రెండు షిఫ్టులు చేసి పొద్దున్నే వచ్చి తువాల కట్టి పడుకున్నాడు. అమ్మ సంతకు పోయింది. నేను బడి నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని అన్నం తింటున్నాను. మిట్టమధ్యాహ్నం ముత్తయ్య కాక సైకిలు మీద రొప్పుకుంటూ వచ్చాడు. పర్మినెంటు చేసేవాళ్ళ పేర్లలో మా నాయన పేరు వచ్చిందట. పట్నం నుంచి డాక్టర్లు వచ్చారు, రెండు గంటలకల్లా కంపెనీ దవాఖానాలో పరీక్షకు నిలబడాలి, ఇవ్వాళ ఒక్కరోజే. తలుపు తట్టడానికని ఎత్తిన చెయ్యి, తువాల చూసి దించేశాడు. చీటీ నా చేతిలో పెట్టి, "మీ నాయినను జల్దీ లేపు బిడ్డా, నేను ఇంకా ముగ్గురికి చెప్పాలె" అని సైకిలెక్కాడు. ఆయన కూడా ఆ లైను మనిషే కదా, ఆ తలుపు తట్టడానికి ఆయనకూ చెయ్యి రాలేదు.

నేను లోపలికి పోయాను. మా నాయన గోడవైపు తిరిగి, నలిగిన వేలున్న చేతిని తల కింద పెట్టుకుని పడుకున్నాడు. లేపాలని కూర్చున్నాను. పేరు పెట్టి పిలిస్తే లేచేవాడు, కాలు తాకితే లేచేవాడు. ఆ వేలు చూస్తూ కూర్చున్నాను. రెండు షిఫ్టులు చేసి వచ్చిన మనిషిని లేపితే ఈసారి ఏం నలుగుతుందో అని భయం. మామూలుగా మూడింటికి ఆయనే లేస్తాడు, డాక్టర్లు ఒక్క గంట ఆగరా అనుకున్నాను. మా బడిలో సారు ఆగేవాడు, అందరూ ఆగుతారనుకున్నాను. రెండింటి కూత వేసింది, ఆయన కదలలేదు. మూడింటికి లేచి చీటీ చదివి, చొక్కా గుండీలు పెట్టుకుంటూనే సైకిలు తీశాడు. ఆయన పోయేసరికి బల్లలు ఎత్తేశారు, జీపు కదిలిపోయింది.

సాయంత్రం అమ్మ సంచులతో వచ్చింది. లైనులో అప్పటికే మాట పాకింది కాబట్టి గుమ్మంలోనే అడిగింది, ఏమైందని. నేను తలుపు వెనక నిలబడ్డాను. మా నాయన మంచం మీద కూర్చుని చెప్పులు విప్పుతూ అన్నాడు: "పిల్ల లేపింది. నేనే అవ్ అని మళ్ళ పండుకున్న." నా వైపు చూడలేదు. తాగడానికి నీళ్ళు తెమ్మన్నాడు, తెచ్చాను. చీకటి పడేముందు మా నాయన ముత్తయ్య కాక ఇంటికి పోయి వచ్చాడు, చీటీ చేతికిచ్చి పోయినందుకు పోట్లాడటానికి పోయాడనుకున్నాను. మర్నాటికల్లా లైనంతా మా నాయనకు కొత్త పేరు పెట్టింది. మొదట అన్నది ముత్తయ్య కాకే. చీటీ అందినా నిద్ర ఆపుకోలేక పర్మినెంటు పోగొట్టుకున్న మొనగాడు అని షిఫ్టు బస్సులో కథలు కథలుగా చెప్పాడు. మా నాయన ఆ బస్సులోనే కూర్చుని నవ్వేవాడట.

తర్వాతి జాబితా నాలుగేళ్ళకు గానీ రాలేదు. ఆ నాలుగేళ్ళూ మా అమ్మ కంపెనీలో కొత్త కట్టడాలకు ఇటుకలు మోసింది. పొద్దున తల మీద చుట్టకుదురు పెట్టుకుంటూ ఒకసారి, సాయంత్రం నడుముకు వేడినీళ్ళ గుడ్డ వేసుకుంటూ ఒకసారి, మా నాయన నిద్రను తిట్టేది. ఆయన పొయ్యి మీద నీళ్ళు కాచి ఇచ్చేవాడు. నేను అసలు సంగతి చెప్పి ఉండవచ్చు. ప్రతి సాయంత్రం చెబుదామనుకునేదాన్ని. నిజం చెప్పాలంటే ఆ వయసులో నాకు మా అమ్మ నడుమునొప్పి కంటే మా అమ్మ నన్ను మళ్ళీ ఆ ఒక్క మాట అంటుందేమోనన్న భయమే ఎక్కువ. పెద్దయ్యాక భయం పోయింది, కానీ అప్పటికి చెప్పే వేళ దాటిపోయింది. అమ్మ పోయింది, నాయన పోయాడు. ఆయన దవాఖానాలో ఉన్న ఆఖరి పదిరోజులూ నేనే పక్కన ఉన్నాను, అప్పుడు కూడా ఆ మధ్యాహ్నం సంగతి నేను ఎత్తలేదు, ఆయన ఎత్తలేదు.

ఆ రోజులే బంగారు రోజులని నేను అనను. బూడిద తిని, రేకుల కింద ఉడికి పెరిగినదాన్ని, అట్లా అంటే నా ఊపిరితిత్తులే నన్ను తిడతాయి. ఇవ్వాళ మా సుజాత రాత్రి డ్యూటీ చేసి వచ్చి కిటికీకి మందపాటి పరదా లాగి, చెవుల్లో దూది లాంటివేవో పెట్టుకుని, ఫోనులో అలారం పెట్టుకుని పడుకుంటుంది. ఎవరి నిద్రకు వాళ్ళే జవాబుదారీ. ఎదురింట్లో సామాన్లు ఎక్కించే కుర్రవాడు ఎప్పుడు పడుకుంటాడో, ఎప్పుడు లేస్తాడో నాకు తెలియదు, కూరగాయల బండివాడు మైకులో అరుచుకుంటూ వాళ్ళ కిటికీ కిందే నిలబడతాడు. మా లైనులో రెండు వరసల్లో ఎవరు నిద్రలో ఉన్నారో పదేళ్ళ పిల్లలకు కూడా తెలిసేది. అందులో ఒక ప్రేమ ఉంది, కాదనను. కానీ ఆ ప్రేమకు భయపడే నేను మా నాయనను లేపలేకపోయాను. అలారానికి భయం లేదు, మొహమాటం లేదు. ఈ రెండింట్లో నన్ను ఎంచుకోమంటే నా కూతురికి అలారమే ఇస్తాను, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

ముత్తయ్య కాక వచ్చిన మర్నాడు సుజాతకు సెలవు. సాయంత్రం విమానం, అందుకని మధ్యాహ్నమే ముగ్గురం కూర్చుని అన్నం తింటున్నాం. ఆయన తెచ్చిన విస్తర్లలోనే వడ్డించాను. పప్పు కలుపుకుంటూ ఆయన సుజాతకు కథ మొదలుపెట్టాడు. మీ తాత సంగతి తెలుసా తల్లీ, చీటీ అందినా మళ్ళీ పడుకున్నాడు అని చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. సుజాత నవ్వింది. పెళ్ళిళ్ళలో ఎంతమంది నవ్వినా ఊరుకున్నాను గానీ, నా కూతురు మా నాయనను చూసి నవ్వడం నాకు పడలేదు. గరిట గిన్నెలో పెట్టేసి అన్నాను: "కాకా, ఇగ ఆపు. ఆ రోజు మా నాయిన మళ్ళ పండుకోలేదు. నేను అసలు లేపనే లేదు."

ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగాడు. "తెల్సు బిడ్డా" అన్నాడు.

నాకు ఏమీ అర్థం కాలేదు. ఆయన చారు పోయించుకుని నిమ్మళంగా చెప్పాడు. ఆ సాయంత్రం మా నాయన వాళ్ళింటికి పోయింది పోట్లాడటానికి కాదట. "మీ నాయిన నా చెయ్యి పట్టుకున్నడు. ముత్తయ్యా, పిల్ల లేపలే, భయపడ్డది. ఈ మాట లైన్ల పడితే అయ్య నౌకరి పోగొట్టిన పిల్ల అంటరు, రేపు ఎక్కడికి పోయినా గట్లనే అంటరు. నేనే పండుకున్నా అని నువ్వు అందరికి చెప్పు. నవ్వుకుంట చెప్పు, గట్లయితేనే నమ్ముతరు అన్నడు. చెప్పిన. అడిగినోళ్ళకు చెప్పిన, అడగనోళ్ళకు చెప్పిన. ఆయన పోయినప్పుడు గూడ చెప్పిన. నువ్వు మొఖం తిప్పుకుంటున్నవని నాకు తెల్వదా?"

మా అమ్మకు తెలుసా అని అడిగాను. తెలియదన్నాడు. తెలిస్తే కష్టమొచ్చిన రోజున నన్ను ఏదో ఒకటి అంటుందని, ఆమెకు మాత్రం అసలే చెప్పొద్దన్నాడట మా నాయన. తలుపు తట్టకుండా పోయింది తాను కూడా కదా, ఆ సంగతి మా నాయన ఒక్కనాడూ ఎత్తలేదని చెబుతూ ముత్తయ్య కాక విస్తరి మడిచాడు. నేను విస్తరి ముందు కూర్చుని ఏడ్చాను. అరవై దాటినదాన్ని, నా కూతురి ముందు, ఎంగిలి చేత్తో. మా నాయన నాకోసం అబద్ధమాడాడని నాకు ఆ రోజు నుంచే తెలుసు. ఆ అబద్ధం నిలబడాలని ఊరంతా తనను చూసి నవ్వేటట్టు తానే ఏర్పాటు చేసుకున్నాడని తెలియదు. నేను ఫోను ఎత్తని ఈ ముసలాయన, ఇచ్చిన మాటను ఇన్నేళ్ళూ మోస్తున్నాడని తెలియదు. ఇప్పుడెందుకు చెప్పావు కాకా అంటే, నువ్వే నోరు తెరిచినవు గద, ఇంకా నాకేం పని అని చెయ్యి కడుక్కున్నాడు.

సుజాత కారు మాట్లాడింది, ముగ్గురం కలిసే ఎయిర్‌పోర్టుకు పోయాం. లోపలికి పోయే ద్వారం ముందు భద్రాచలం గుంపు అప్పటికే సంచుల మధ్య కూర్చుని ఉంది. అందులో మా లైను ఆమె ఒకామె ఉంది, లచ్చమ్మ. మా అమ్మతో కలిసి ఆ నాలుగేళ్ళూ ఇటుకలు మోసినామె. చూపు తగ్గింది, నన్ను గుర్తుపట్టక ఎవరి అమ్మాయివి అని అడిగింది. ముత్తయ్య కాక అలవాటుగా నోరు తెరిచాడు, నా మొహం చూసి మూసుకున్నాడు. నేను ఆమె ముందు కూర్చుని చెప్పాను, రాజయ్య బిడ్డనని, ఆ రోజు మా నాయన మళ్ళీ పడుకోలేదని, చీటీ చేతిలో పెట్టుకుని లేపకుండా కూర్చున్నది నేనేనని. మా అమ్మ తిట్లన్నీ పక్కనుండి విన్న మనిషి కాబట్టి ఏమైనా అంటే పడదామనే చెప్పాను.

ఆమె నా చెయ్యి తడిమి చూసింది. "అప్పుడు నీకు ఎన్నేండ్లే?" అంది.

పదకొండు అన్నాను.

"పదకొండేండ్ల పిల్లను ఎవరేమంటరు?" అని, తన సంచి నా చేతికిచ్చి, వరస ఎటువైపో చూపించమంది. చూపించాను. ఆమె లోపలికి పోయినా నేను అక్కడే నిలబడ్డాను. ఆ మాట మా నాయన ఒక్కసారి విని ఉంటే బాగుండేది.